అడ్డగీత గీసిన మనిషి: పాలగట్టు స్టేషన్ ఇస్రాయేలు సారు

1951 జూన్ 18వ తేదీ, సోమవారం నాడు శ్రీ ఇస్రాయేలు గారు పాలగట్టు మాధ్యమిక పాఠశాలలో చేతిపనుల ఉపాధ్యాయులుగా బాధ్యతలు స్వీకరించినారు. ఈ వ్యాసంలో మా వారు వ్రాసిన వాక్యం ఇది ఒక్కటే. దీనిని ఒక కాగితం ముక్క మీద వ్రాసి, కందిపప్పు డబ్బా కింద పెట్టి, "మొదలువెట్టిన. ఇగ మిగిలింది నువ్వు జూసుకో," అని చెప్పి బడికి వెళ్లిపోయినారు. పదవీ విరమణ సంచిక సంఘం వారు అభినందన వ్యాసం కోరినది పాఠశాల ప్రథమ సహాయకులు, గణితోపాధ్యాయులు అయిన శ్రీ కృష్ణయ్య గారిని. వ్రాస్తున్నది వారి భార్య. మా ఇంటి నుండి వెలువడే శుభలేఖలు, సెలవు విన్నపాలు, సానుభూతి ఉత్తరాలు పదిహేనేండ్లుగా ఈ పద్ధతిలోనే తయారవుతున్నవి గనుక సంఘం వారు ఆశ్చర్యపడలేదు. నేను మాత్రం మర్యాదకు ఒకసారి నిరసన తెలిపినాను. ఆ పూట పప్పు కొంచెం మాడినది. అంతకు మించిన ఫలితం కనబడలేదు.

సహోద్యోగి వ్రాయవలసిన దానిని ఒక గృహిణి వ్రాయవచ్చునా అన్న సందేహం సంఘంలో ఒకరికి కలిగినదట. 1956 నుండి 1962 వరకు ప్రతి శనివారం సాయంత్రం పది నిమిషాల పాటు ఈ పాఠశాల కప్పు మీది లౌడ్‌స్పీకరు బూరలో స్త్రీల కార్యక్రమం చదివినది నేనే. జీతం లేదు, హాజరు లేదు, సెలవు అసలే లేదు. అయినను దానిని ఉద్యోగమనే భావిస్తున్నాను, ఎందుకంటే పై అధికారి ఉండేవారు. ఆ పై అధికారి ఇస్రాయేలు గారే. కాబట్టి సందేహపడిన వారు నిశ్చింతగా ఉండవచ్చును.

ఇస్రాయేలు గారు 1913లో మోత్కూరు సమీపాన జన్మించినారు. తండ్రి బాలస్వామి గారు ఒక భూస్వామి వద్ద జీతమున్నవారు. సొంతానికి గుంట భూమి లేదు. తండ్రి పరుల ఎడ్లకు మేత వేస్తున్న కాలంలో ఇస్రాయేలు గారు మిషను బడిలో అక్షరాలు నేర్చి, ఆ బడి వడ్రంగి శాలలోనే ఉలి పట్టినారు. షాద్‌నగర్ సమీపంలోని ఒక మిషను పాఠశాలలో పన్నెండేండ్లు పిల్లలకు కొయ్యపని నేర్పి, పాత రాజ్యం పోయి కొత్త ప్రభుత్వం బడులు తెరుస్తున్న రోజులలో సర్కారు ఉద్యోగంలో ప్రవేశించినారు. మొదటి నియామకం పాలగట్టు. చివరి నియామకం కూడ పాలగట్టే. ఈ పదిహేడేండ్లలో మాధ్యమిక పాఠశాల ఉన్నత పాఠశాల అయినది, నలుగురు ప్రధానోపాధ్యాయులు మారినారు. ఇస్రాయేలు గారు మారలేదు.

వారు అడుగుపెట్టిన వారంలోనే, ఊరిలో కిరాయికి ఇవ్వదగిన ఇండ్లన్నియు అకస్మాత్తుగా మరమ్మతుకు వచ్చినవి. ఒక ఇంటి కప్పు కురుస్తున్నది. ఇంకొక ఇంటికి బంధువులు రానున్నారు. మూడవ ఇంటి యజమానికి తన ఇల్లు ఖాళీగా ఉన్నదన్న సంగతే గుర్తు రాలేదు. నాలుగు నెలల పాటు భార్య బిక్షమ్మ గారితో, ఇద్దరు కూతుళ్లతో వారు బడి వెనుక చేతిపనుల కొట్టంలో కాపురమున్నారు. తరువాత ఇండ్ల మరమ్మతులు పూర్తి అయినవని కాదు. ఊరి చివర జాగా సంపాదించి తమ చేతులతోనే ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటి తలుపులు చూసి వెనుకటి ముగ్గురు యజమానులు తమకును అటువంటి తలుపులు కావాలని వచ్చి అడిగినారు. చేసి ఇచ్చినారు. ఆ తలుపులు ఇప్పటికీ చప్పుడు లేకుండా పడుతున్నవి.

1955లో ప్రభుత్వం వారు పాఠశాలకు ఒక రేడియో పెట్టెను ప్రసాదించినారు. అప్పటికి ఊరికి కరెంటు లేదు. పెట్టె బ్యాటరీ మీద నడవాలి. బ్యాటరీని వారానికొకసారి దేవరకొండకు మోసుకుపోయి చార్జి చేయించాలి. పైగా రేడియో ఉంచుకోవడానికి తపాలా కార్యాలయం నుండి లైసెన్సు తీసుకోవాలి, ప్రతి ఏడూ దానిని కొత్తది చేయించాలి. లైసెన్సు పాఠశాల పేరనే ఉన్నది. బాధ్యుని పేరు వ్రాయవలసిన చోట మాత్రం అప్పటి ప్రధానోపాధ్యాయులు కలం పట్టుకుని కొంతసేపు ఆలోచించి, యంత్రం కూడ చేతిపనియే కదా అని ఇస్రాయేలు గారి పేరు వ్రాసినారు. మరుసటి ఏడు, మూతపడిన ఒక నాటక సమాజం వారి మైకును, బూరను ఊరివారు చందాలు వేసి తెచ్చినారు. ఇస్రాయేలు గారు బూరను బడి కప్పు మీద కొయ్యచట్రంలో బిగించినారు.

కాగితాల ప్రకారం మాకున్నది వినే యంత్రమే. కాని సాయంత్రం ఆరింటికి హైదరాబాదు నుండి వచ్చే రైతుల కార్యక్రమం ఊరంతటికీ వినిపించి, అది ముగియగానే పది నిమిషాలు మా మైకులో మా ఊరి సంగతులు చెప్పేవారు: రేపు బస్సు రాదని, దవాఖానకు డాక్టరు వస్తున్నాడని, ఫలానా చోట ఒక దూడ దొరికిందని. దీనికి స్టేషన్ అని పేరు పెట్టినది బడి ఎదుటి ఇంటి బక్కమ్మ అవ్వ.

"పట్నంల ఒక టేషను, గీడ మనదొక టేషను," అని ఆమె లెక్క తేల్చినది. "పట్నపోని మాట మనం ఇంటున్నం. మన మాట వానికి ఇనవడదు. ఇగ ఎవలు తెలివిగల్లోల్లు?"

ఊరి దృష్టిలో ఆ లైసెన్సు పుస్తకం పెట్టెకే కాదు, మా నోటికి కూడ అనుమతి పత్రం.

నా మొదటి శనివారం నాడు తాగేనీటి పరిశుభ్రత గురించి ఉపన్యసించినాను. బి.ఏ. చదివిన దానిని గనుక "సూక్ష్మజీవులు" అన్న మాటను నాలుగుసార్లు వాడినాను. కార్యక్రమం ముగించి బయటికి రాగానే నాగులమ్మ కడవతో ఎదురైనది.

"అండాలమ్మా, నీళ్లు కాగవెట్టమంటివి. కట్టెలు నువ్వు తెస్తవా, నీ పెనిమిటి తెస్తడా?"

ఇస్రాయేలు గారు ఆ మాట విని, వచ్చే వారానికి నా ఉపన్యాసంలో "మరిగించుడు" తీసివేసి "మూడు పొరల బట్టతో వడకట్టుడు" అని మార్చినారు. ఊరిలో చేయలేని పనిని బూరలో చెప్పకూడదన్నది వారి మొదటి నియమం.

రెండవ నియమం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్టేషన్ బతికినదీ, పోయినదీ దాని మీదనే. వినిపించవలసిన ప్రతి సంగతినీ వారు చీటీ మీద వ్రాసి, నడుమ రూళ్లకర్రతో ఒక అడ్డగీత గీసేవారు. గీతకు పైనున్నది మైకులో చదవాలి. గీతకు కిందనున్నది చదవరాదు. మా ప్రాంతంలో గొర్లకాపరి కుటుంబాలు తమ మందకు చెవికోత గుర్తు పెడతాయి: ఎడమ చెవి కొసకు ఒక గాటు, కుడి చెవి అంచుకు రెండు, ఇట్లా ఎవరి కోత వారిది. దొరికిన గొర్రెను, మేకను బడి కొట్టంలో కట్టివేసి, ఎన్ని, ఏ రంగు, ఎక్కడ దొరికినవి అన్నంత వరకే గీతకు పైన వ్రాసేవారు. చెవికోత, కుంటికాలు, మెడలోని పూస గీతకు కిందికి పోయేవి. వచ్చి అడిగిన మనిషి ఆ కింది మాటలు తానుగా చెప్పగలిగితేనే జంతువును విప్పి ఇచ్చేవారు.

1958లో ఒక పొట్టేలు కోసం పొరుగూరి నుండి తెల్లని తలపాగతో ఒక పెద్దమనిషి వచ్చినాడు. నేను మైకు దగ్గర నా వంతు కోసం కూర్చున్నాను గనుక విన్నాను.

"కోత ఏ చెవికున్నది?" అని ఇస్రాయేలు గారు అడిగినారు.

"చెవులు రెండున్నయి సారూ."

"చెవులు నాకు గూడ రెండున్నయి. కోత ఏ దానికి?"

అతడు కొంచెంసేపు పొట్టేలును, కొంచెంసేపు ఆకాశాన్ని చూసినాడు. "మా పెద్దోన్ని అడిగొస్త," అని వెళ్లినాడు. పదేండ్లు గడిచినవి. పెద్దవాడు ఇంకను ఏమీ చెప్పినట్టు లేదు.

మా వారికి ఈ పద్ధతి మొదటి నుండి నచ్చలేదు. లెక్కల మనిషికి సగం వ్రాసిన సమస్య కంటిలో నలుసు. ఒకనాడు ఉపాధ్యాయుల గదిలో బహిరంగంగానే అన్నారు: "సగం జెప్పి సగం దాసుడేంది? మొత్తం జెప్తె ఎవని గొర్రె వాడు ఇంట్ల కూసోనే గుర్తువడతడు. దాసిపెట్టుకుంటె అది ప్రకటన ఎట్లయితది?"

"దొంగ గూడ ఇంటడు సారూ," అన్నారు ఇస్రాయేలు గారు, రంపానికి పళ్లు తీస్తూనే.

డిగ్రీ ఉన్నవారికి ఉలి పట్టిన మనిషి ఒక్క వాక్యంలో సమాధానం చెబితే అది సమాధానంగా వినబడదు. మా ఇంట్లో ఆ చర్చ ఇంకా నాలుగేండ్లు నడిచింది; చర్చించినది మా వారు ఒక్కరే.

1962 ఆగస్టులో ఊరి గొల్లపెద్ద గుర్వయ్య భార్యతో కలిసి మందను తోలుకుని కృష్ణ ఒడ్డు మేత నుండి తిరిగి వస్తుండగా, మధ్యాహ్నపు వానకు తూర్పు వాగు పొంగి మంద రెండుగా చీలినది. గుర్వయ్య పెద్ద మందతో ఆవలి ఒడ్డున చిక్కుకున్నారు. పదకొండు గొర్రెలు మాత్రం ఈవలి ఒడ్డుకు కొట్టుకువచ్చినవి. అవి గుర్వయ్య దారిలో ఒక సంతలో కొత్తగా కొన్నవి. చెవులకు అమ్మినవాని కోతే ఉన్నది గనుక ఊరిలో ఎవరూ ఆనవాలు పట్టలేదు. రైతులు వాటిని బడికి తోలుకువచ్చినారు. ఇస్రాయేలు గారు చీటీ వ్రాసి మా వారి చేతికి ఇచ్చి, ఉన్న రెండు బ్యాటరీలలో అయిపోయినదానిని భుజాన వేసుకుని దేవరకొండ బస్సు ఎక్కినారు. అదే వాన బస్సును అక్కడే ఆపివేసినది. ఆ సాయంత్రం మైకులో చదివినది మా వారు.

స్పష్టమైన కంఠంతో, చీటీలోని ప్రతి అక్షరమూ చదివినారు. పోపు వేస్తున్న నాకు వంటింట్లో వినబడింది: పదకొండు గొర్రెలు, ఎడమ చెవి కొసకు రెండు కోతలు, ఒకదాని మెడలో నల్లదారానికి నీలపు పూస. ఈ మాటలు గీతకు కిందివి కావలసినవి కదా అని నాకు తోచలేదు. ఆవాలు చిటపటలాడుతున్నవి, నేను వాటి సంగతి చూసుకున్నాను. ఈ వ్యాసంలో నా వంతు తప్పు అంతవరకు.

మరునాడు పొద్దున్నే ఎవరో ఒక మనిషి వచ్చి, రెండు కోతలు, నల్లదారం, నీలపు పూస తడుముకోకుండా చెప్పినాడు. బడి జవాను మారయ్య నియమం ప్రకారం పదకొండు గొర్రెలను విప్పి ఇచ్చినాడు. నాలుగవ నాటికి వాగు తగ్గి, గుర్వయ్య, ఆయన భార్య బీరమ్మ బడికి వచ్చినారు.

"ఎడమ చెవికి రెండు కోతలు," అన్నారు గుర్వయ్య. "ఒకదానికి నీలపు పూస. మా బీరమ్మ కట్టింది."

మారయ్య ఖాళీ కొట్టం వైపు చూసినాడు. "గదే ముచ్చట మొన్న ఇంకొకాయన జెప్పిండు గద!"

"నేను కట్టిన పూస వానికెట్ల ఎరుకైంది?" అన్నది బీరమ్మ. ఎదుటి అరుగు మీది నుండి బక్కమ్మ అవ్వ చెప్పింది: "ఎరుక గాకేంది బిడ్డా. బూరల ఊరంతటికి జెప్పిరి."

అప్పటి ప్రధానోపాధ్యాయులు శ్రీ బుచ్చయ్య గారు విచారణ జరిపినారు. చదివిన చీటీ అప్పటికే గది ఊడ్చిన చెత్తలో పోయినది. మా వారు రెండు మాటలు చెప్పినారు: "గీత లేదు." దేవరకొండ నుండి తిరిగివచ్చిన ఇస్రాయేలు గారు, "గీసినట్టే నాకు యాది. కృష్ణయ్య సారు లేదంటున్నరంటె, మరిచిపోయి ఉంట," అన్నారు. నేను ఇంట్లో అడిగినప్పుడు కూడ మా వారు ఆ రెండు మాటలే చెప్పినారు. భార్యను గనుక నమ్మినాను; చదువుకున్న దానిని గనుక రెండవసారి అడగలేదు.

ఆ ఏడు బీరమ్మ కంది చేన్లలో కూలికి పోయినది. గుర్వయ్య ఎవరినీ తిట్టలేదు. బడి గేటు దగ్గర నిలబడి ఒక్క మాట అన్నారు: "గొర్లు పోతె పోయినయి, మల్ల సంపాయిస్త. ఇస్రాయేలు సారు చీటి మీద ఊరు నిమ్మలంగ ఉండె. ఇగ గది లేదు." నాటి నుండి ఆయన గేటు దాటి లోపలికి రాలేదు.

తరువాత దొరికిన మేకలను జనం బడికి తోలుకురావడం మానివేసినారు. ఎవరింటి ముందర వారే కట్టివేసుకుని, ఎవరి నోటితో వారే చాటుకున్నారు. డిసెంబరులో లైసెన్సు కొత్తది చేయించవలసిన గడువు వచ్చింది. ఇస్రాయేలు గారు పుస్తకాన్ని బుచ్చయ్య గారి బల్ల మీద పెట్టినారు.

"వాపసు ఇచ్చేద్దాం సార్."

"ఎందుకయ్యా? పెట్టె మంచిగనే పలుకుతున్నది గద."

"పెట్టె పలుకుతది సార్. మన మాటనే ఎవలు నమ్ముతలేరు."

వేరొకరిని బాధ్యునిగా వ్రాసి నడుపుదామని బుచ్చయ్య గారు ఉపాధ్యాయులందరినీ సమావేశపరిచి అడిగినారు. అందరూ స్టేషన్ కొనసాగాలని ఏకగ్రీవంగా అభిప్రాయపడినారు. పేరు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇస్రాయేలు గారే దేవరకొండకు పోయి పుస్తకాన్ని తపాలా కార్యాలయంలో అప్పగించి రసీదు తెచ్చినారు. అక్కడి గుమాస్తా రసీదు వ్రాస్తూ, పెట్టె చెడిపోయిందా అని అడిగినాడట. చెడిపోలేదని చెప్పి వచ్చినారట. ఏడేండ్లు నడిచిన పాలగట్టు స్టేషన్ ఆ విధంగా, మధ్యాహ్నం రెండు గంటల బస్సు వేళకు ముగిసినది.

తరువాతి ఐదేండ్లలో వారు ఎనిమిది తరగతి గదులకు బల్లలు చేసినారు, వందమందికి పైగా విద్యార్థులకు రంపం పట్టడం నేర్పినారు, ఒక్కరోజు కూడ ఆలస్యంగా రాలేదు. ఊరికి కరెంటు వచ్చింది, హోటలుకు రేడియో వచ్చింది. లోకం ఎక్కడా ఆగలేదు. బడి కప్పు మీద బూర ఉండిన కొయ్యచట్రంలో ఇప్పుడు పావురాలు గుడ్లు పెడుతున్నవి. చట్రం మాత్రం ఇంకను కదలలేదు.

ఈ వ్యాసం కోసం పాఠశాల కార్యాలయం వారు నాకొక ఉద్యోగ సంగ్రహం పంపినారు. అందులో ఇట్లున్నది: "1962 ఆగస్టు ప్రకటన విషయమున శ్రీ ఇస్రాయేలు గారి అజాగ్రత్త కారణముగా కలిగిన నష్టమునకు బాధ్యత వహించి లైసెన్సు వాపసు చేయబడినది." పదిహేడేండ్ల ఉద్యోగంలో వారిపై ఉన్న ఒకే ఒక్క మచ్చ ఆ వాక్యం. అది ఇప్పుడు ఈ సంచికలో అచ్చయి వారి మనుమల ఇంట్లో కూడ ఉంటుంది. దానిని ఉన్నదున్నట్టు ఎత్తి వ్రాయడానికి ముందు వారినే ఒకసారి అడుగుదామని వారి ఇంటికి వెళ్లినాను.

బిక్షమ్మ గారు నన్ను కూర్చోమనక ముందే మొదలుపెట్టినారు. "ఆరేండ్ల సంది నోరు మూసుకోని ఉన్న, అండాలమ్మా. గీత లేకుంట ఈయన చీటి రాసుడా? కూరగాయలు తెమ్మని ఇచ్చే చీటికి గూడ గీత కొడతడు!"

"కూరగాయల చీటీలో గీత కింద ఏముంటుంది?" అని అడిగినాను.

"వంకాయ పుచ్చుంటె తేవొద్దని ఉంటది. వంకాయలమ్మెటామె ముందట చదవొద్దని."

ఇస్రాయేలు గారు నవ్వినారు. ఆ నవ్వు ముగిసిన తరువాత చెప్పినారు: "ఊకో బిక్షమ్మా. అమ్మా, ఆఫీసోల్లు రాసింది రాసినట్టే అచ్చు కానీయండ్రి. నేనంటె పోతున్నోన్ని. కృష్ణయ్య సారుకు ఇంక పన్నెండేండ్ల సర్వీసున్నది. హెడ్మాస్టరు కావాలె. గీ ముచ్చట ఇప్పుడు తవ్వితె ఎవలికేమొస్తది?"

మా వారు అబద్ధమాడినారని వారు అనలేదు. అనకుండానే నాకు సంపూర్ణంగా తెలిసింది. ఇంటికి వచ్చి బియ్యం కడిగి, ఎసరు పెట్టి, వ్యాసం ముగింపు వ్రాసినాను. ఆ ముగింపు ఇది:

1968 మార్చి 31న, ఆదివారం నాడు, శ్రీ ఇస్రాయేలు గారు పదవీ విరమణ చేయనున్నారు. ఆఖరి రోజున కూడ బడికి పనిగంట నష్టం కలగకుండా చూసుకున్నారన్న మాట. దేవరకొండ బస్సుల వెంట బ్యాటరీ మోసిన ఆ కుడి భుజానికి ఇకనైనా నొప్పి తగ్గుగాక. ఆదివారం ప్రార్థనకు, సోమవారం ఉలికి సమానమైన ఓపిక వారికి ఉండుగాక. బిక్షమ్మ గారి చేతి సంకటి తిని, మనుమలు పెండ్లీడుకు వచ్చి తమ ఇండ్లకు తలుపులు అడిగేవరకు, ఆ తలుపులు చేసి బిగించేవరకు, ఆరోగ్యంతో నూరేండ్లు వర్ధిల్లుదురుగాక అని పాలగట్టు పాఠశాల పక్షాన, స్టేషన్ పక్షాన కోరుకుంటున్నాను.

వ్యాసం ఇక్కడితో ఆగవలసినది. అన్నం పెట్టి, మా వారికి మొత్తం చదివి వినిపించినాను. కార్యాలయం వారి వాక్యం వచ్చిన చోట "ఆగస్టు ప్రకటన విషయమున" అని చదివి ఆగి, "కారణముగా" అని మళ్లీ అందుకున్నాను.

"నడుమ ఏదో పోయింది," అన్నారు.

"పోలేదు. ఖాళీ విడిచిపెట్టిన. ఆఫీసు కాగితంల 'ఇస్రాయేలు గారి అజాగ్రత్త' అని ఉన్నది. నాకు చెయ్యి రాలే. సగం జెప్పుడు మీకు నచ్చదు గద, మీరే నింపుండ్రి."

కలం, కాగితం కంచం పక్కన పెట్టినాను. మా వారు చల్ల పోయమని అడగలేదు. కలం మూత కూడ తీయలేదు. చేయి కడుక్కుని, ఆ మధ్యాహ్నమంతా వసారాలో పరీక్ష పేపర్లు ముందర వేసుకుని కూర్చున్నారు. ఒక్క పేపరు కూడ దిద్దలేదు.

మరునాడు, విరమణకు వారం ముందటి ఆదివారం, సన్మానం ఏర్పాట్ల కోసం బడిలో సంఘ సమావేశం. నేను వ్యాసాన్ని ఖాళీతోనే పట్టుకుని వెళ్లినాను; కార్యాలయం వారి వాక్యాన్ని పైన పూర్తిగా ఎత్తి వ్రాసినది ఆ తరువాతనే. ఇప్పటి ప్రధానోపాధ్యాయులు, ఇస్రాయేలు గారు, మరి నలుగురైదుగురు ఉన్నారు. విందుకు యాటను తెమ్మని కబురు పంపినందుకు గుర్వయ్య దానిని తోలుకువచ్చి గేటు అవతల నిలబడినారు. మారయ్య, "లోపటికి రారాదే తాతా," అని పిలిచినాడు.

"ఈడ మంచిగనే ఉన్నది. వచ్చి పట్టుకపోండ్రి."

యాటను పట్టుకురావడానికి మారయ్య లేవబోయినాడు. మా వారు అతనిని కూర్చోమని చెప్పి, తామే లేచి గేటు వైపు నడిచినారు. గొర్రె తాడు పట్టడం వారికి రాదని ఎరిగిన వాళ్లం గనుక మేము కూడ వెంట వెళ్లినాము. ఆ తరువాత జరిగినదానిని అచ్చుకు ఇవ్వవచ్చునా అని ఇంటికి వచ్చి మా వారిని అడిగితే, "ఇస్తె మొత్తం ఇయ్యి," అన్నారు. సంపూర్ణత విషయంలో వారి అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

"గుర్వయ్యా," అన్నారు మా వారు. "ఆనాడు చీటీల గీత ఉండె."

గుర్వయ్య యాట మెడ మీద చేయి వేసినారు.

"నేను చూసిన. చూసే కిందిది గూడ చదివిన. అందరికి మేలైతదనుకోని చదివిన. గొర్లు పోయినంక భయమై, గీత లేదని చెప్పిన."

గుర్వయ్య తాడును చేతికి ఇంకొక చుట్టు చుట్టుకున్నారు. ఆరేండ్ల కోపం ఒక్కసారి బయటికి వస్తుందని అందరమూ ఎదురుచూసినాము. ఆయన గొంతు పెరగలేదు.

"నాకు జెప్తె ఏమొస్తది సారూ? నాయి పదకొండు గొర్లే పోయినయి. జెప్పేటిదుంటె గా సారుకు జెప్పు," అని ఇస్రాయేలు గారి వైపు గడ్డం ఎత్తి చూపినారు.

ఇస్రాయేలు గారు, "వద్దు, ఇగ విడిచిపెట్టుండ్రి," అని చేయి అడ్డం పెట్టబోయినారు. మా వారు ఆయన వైపు తిరిగినారు. పదిహేనేండ్లుగా మా వారు ఆయనను హాజరుపట్టీలోని పేరుతో, ఇస్రాయేలూ అని మాత్రమే పిలుస్తూ వచ్చినారు.

"ఇస్రాయేలు సారూ," అన్నారు, గేటుకు అవతల ఉన్నవాళ్లకు కూడ వినబడేటట్టు. "మీరు గీత గీసిండ్రు. అబద్ధం నాది. తప్పు నాది."